నచ్చకపోతే ఖాళీ చెయ్యాలా?

వానలు మొదలైన రెండో వారంలో మా పడకగది స్లాబు నుంచి అరచేతి మందాన పెచ్చు ఊడి మంచం మీద పడింది. బడి వేళ కాబట్టి పాప ఇంట్లో లేదు. ఊడిన చోట తుప్పు పట్టిన ఇనుప చువ్వలు బయటపడ్డాయి. పెచ్చు పట్టుకుని కింది పోర్షన్‌లో ఉండే ఇంటాయన దగ్గరికి వెళ్ళాను. "అంకుల్, డాబా మీద నీళ్ళు నిలుస్తున్నాయి. స్లాబు నానిపోయింది, వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి" అన్నాను. ఆయన కసురుకోలేదు. కాఫీ తాగుతారా అని కూడా అడిగారు. చివరికి మాత్రం, "చూడండీ, పాత ఇల్లు ఇలాగే ఉంటుంది. నచ్చకపోతే ఖాళీ చేసుకోండి, బలవంతమేం లేదు" అన్నారు.

హైదరాబాదులో 22 ఏళ్ళుగా అద్దె ఇళ్ళలోనే ఉన్నాను. అది ఏడో ఇల్లు. మోటారు రోజుకు అరగంటే వేస్తారని చెప్పుకున్నప్పుడు, సంపు కడిగి ఏడాదయిందని అన్నప్పుడు, మెట్ల మీద వేలాడుతున్న కరెంటు వైరు చూపించినప్పుడు, మా అత్తామామలు నెల రోజులు ఉంటారని చెప్పినప్పుడు, మాటల్లో కొంచెం తేడాతో ఇదే జవాబు విన్నాను. ఓనర్లు అంటే అనుకోవచ్చు. స్నేహితులు, బంధువులు, సాటి అద్దెదారులు కూడా ఇదే అంటారు. "ఇల్లు ఆయనది, ఆయన ఇష్టం. మనకెందుకు గొడవ, వేరే ఇల్లు చూసుకో." మన పట్టణాల్లో దీన్ని లోకజ్ఞానంగా చలామణీ చేస్తున్నాం. నా దృష్టిలో ఇది అన్యాయాన్ని అలవాటు చేసే మాట. అందుకే దీన్ని ఖండిస్తున్నాను.

ముందు ఆ వాదాన్ని దాని పూర్తి బలంతోనే చెప్పుకుందాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. జీవితమంతా కూడబెట్టి, బ్యాంకు అప్పు తీసుకుని, ఒకాయన ఇల్లు కడతాడు. అందులో ఎవరిని ఉంచుకోవాలో, ఏ షరతుల మీద ఉంచుకోవాలో ఆయనే నిర్ణయించుకుంటాడు. షరతులు నచ్చనివాళ్ళను ఎవరూ కట్టేసి ఉంచలేదు, ఊరంతా టు-లెట్ బోర్డులే. పైగా చట్టాలన్నీ అద్దెదారుల వైపే ఉన్నాయి, ఒకసారి దిగినవాణ్ణి లేపడం దేవుడి తరం కాదు, కాబట్టి ఓనరు ముందు నుంచే గట్టిగా ఉండక తప్పదు. ఇదీ వాదం. ఇందులో మూడు మాటలున్నాయి: సొత్తు ఆయనది, వెళ్ళే స్వేచ్ఛ నీది, చట్టం నీ పక్షం. మూడూ నిలబడవు.

సొత్తు ఆయనదే. అందులో తగాదా లేదు. కానీ అద్దెకివ్వడం అంటే ఏమిటో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్‌లోనే ఉంది. ధరకు ప్రతిగా, ఆ ఆస్తిని అనుభవించే హక్కును మరొకరికి బదిలీ చేయడమే లీజు. బదిలీ అయ్యేది హక్కు. అంటే నెల నెలా నేను కట్టేది ఆయన దయకు కానుక కాదు, ఆ హక్కుకు ధర. అద్దె ఒప్పందం ఉన్నంతకాలం ఆ గుమ్మం లోపల ఉండే హక్కు నాది, ఆ హక్కుకు అడ్డు రాకూడని బాధ్యత ఆయనది. హోటల్లో వంటిల్లు యజమానిదే. అన్నంలో పురుగు వస్తే, "నచ్చకపోతే ఇంకో హోటల్‌కి పో" అంటే ఊరుకుంటామా? గంట సేపు తినే భోజనం దగ్గర ఒప్పుకోని మాటను, ఏళ్ళ తరబడి పిల్లల్ని పెంచే ఇంటి దగ్గర ఎందుకు ఒప్పుకుంటున్నాం?

స్లాబు సంగతే చూడండి. డాబా మీద నిలిచిన నీరు కాంక్రీటులోకి ఇంకుతుంది. లోపలి చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న సిమెంటును పగలగొట్టుకుని వస్తుంది. పెచ్చు ఊడిందంటే రోగం ఎప్పుడో ముదిరిందని. దాన్ని అద్దెదారుడు బాగుచేసుకోలేడు. డాబా అతని చేతిలో లేదు, స్లాబును ముట్టుకునే అధికారం లేదు. బాగుచేయగలిగింది ఒక్క యజమానే. బాగుచేయగలిగిన మనిషి చేతులు కట్టుకుని కూర్చుని, బాగుచేయలేని మనిషిని వెళ్ళిపొమ్మంటే దాన్ని సొత్తు హక్కు అనకూడదు, బాధ్యత ఎగ్గొట్టడం అనాలి.

ప్రమాదం స్లాబుతోనే ఆగదు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. పై అంతస్తుల్లో ఉన్న తొమ్మిది మంది చనిపోయారు. ఆ వార్త చదివిన రాత్రి నేను అప్పట్లో మేమున్న అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగి చూశాను. ఎవరివో అట్టపెట్టెలు, రంగు డబ్బాలు, మీటర్ల బోర్డు పక్కనే ఒక పాత సోఫా. ఇవి ఇక్కడెందుకు అని అడిగే హక్కు ఎవరికుంది? అపార్ట్‌మెంటు అసోసియేషన్‌లో సభ్యులు ఫ్లాటు యజమానులే. అద్దెకున్నవాడు నెల నెలా మెయింటెనెన్సు కడతాడు కానీ మీటింగులో అతనికి కుర్చీ లేదు. పొగ మాత్రం ఓనరెవరో, అద్దెదారెవరో చూసి రాదు.

ఇక రెండో మాట, వెళ్ళే స్వేచ్ఛ. దాని ఖరీదు ఎంతో లెక్క వేద్దాం. నెలకు 15,000 అద్దె ఇల్లు అనుకోండి. కొత్త ఇంటికి రెండు నెలల అడ్వాన్సు 30,000, మొదటి నెల అద్దె 15,000, బ్రోకరుకు ఒక నెల అద్దె 15,000, వ్యానుకూ కూలీలకూ ఓ 8,000. గడప దాటకముందే 68,000 చేతిలో ఉండాలి. పాత అడ్వాన్సు అప్పటికి రాదు. ఇల్లు ఖాళీ చేసి, తాళాలిచ్చి, "రేపు రండి, ఎల్లుండి రండి" అయ్యాక, రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె కోసుకుని మిగిలింది ఇస్తారు. బ్రోకరు, వ్యాను, రంగులు కలిపితే 38,000 తిరిగిరాని సొమ్ము. అంటే రెండున్నర నెలల అద్దె దండగ. ఓనరుకయ్యే నష్టం మాత్రం గేటుకు టు-లెట్ బోర్డు వేలాడిన నాలుగు రోజులు. ఒకరికి రెండున్నర నెలల అద్దె పోయి, ఇంకొకరికి నాలుగు రోజుల అద్దె పోయే చోట ఇద్దరికీ సమాన స్వేచ్ఛ ఉందని ఎలా అంటాం?

డబ్బు ఒక్కటే కాదు. పాప బడి మారాలి, లేదా రోజుకు రెండు గంటలు బస్సులో గడపాలి. గ్యాసు, ఆధారు, ఓటరు కార్డు, బ్యాంకు చిరునామాలన్నీ మార్చాలి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, మందులిచ్చే దుకాణం నుంచి పలకరించే పొరుగు దాకా అన్నీ పోతాయి. నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్న మాట ఆషాఢంలోనో పుష్యంలోనో వస్తే, శూన్యమాసంలో కొత్త ఇంట్లో పాలు పొంగించకూడదని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడతారు. మూటాముల్లె సర్దుకుని ఏ చుట్టాలింట్లోనో నెల గడపాలి.

ఊరినిండా టు-లెట్ బోర్డులున్నాయి, నిజమే. అవి అందరికోసమూ వేలాడవు. "ఫ్యామిలీస్ ఓన్లీ", "వెజిటేరియన్స్ ఓన్లీ", "నో బ్యాచిలర్స్". బోర్డు మీద రాయని షరతు ఫోన్‌లో బయటపడుతుంది. "ఇంటిపేరేమిటండీ?" "మీరేమిట్లు?" సమాధానం విన్నాక, "అయ్యో, నిన్ననే వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చారండీ." ఆ బోర్డు మాత్రం మరో పదిహేను రోజులు అక్కడే ఉంటుంది. దళిత మిత్రుడొకరు ఇల్లు వెతకడానికి వెళ్ళేటప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. ఇంటిపేరు ప్రశ్న వచ్చినప్పుడు నా మొహం చూసేవాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు. ముస్లిం సహోద్యోగి ఒకామె మంచి జీతం, మంచి ఉద్యోగం చేతిలో ఉండి కూడా, ఆఫీసుకు దూరమైనా సరే పాతబస్తీ వైపే చూసుకోవలసి వచ్చింది. ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీలోనూ చుట్టుపక్కల నగరాల్లోనూ అద్దె ఇళ్ళు అడిగి చూసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. పై కులాల పేర్లతో అడిగినవారికి దొరికినంత సులువుగా దళితులకు ఇల్లు దొరకలేదు, ముస్లింలకు అంతకన్నా కష్టమైంది. ఢిల్లీలో పరిశోధకులు లెక్క కట్టి చెప్పినదాన్ని మన కాలనీల్లో అందరం ఎరిగే ఉన్నాం, నోరు విప్పం, అంతే. పది గుమ్మాల్లో ఎనిమిది మూసి ఉన్నవాడితో "నచ్చకపోతే వేరే ఇల్లు చూసుకో" అనడం ఎంత కఠినమో ఆలోచించండి.

"ఓనరు ఇష్టం" అనే మాట ఎంతదూరం పోగలదో చావు దగ్గర తెలుస్తుంది. మా వీధిలో రెండో అంతస్తులో అద్దెకున్న ఒకాయన తల్లి ఆసుపత్రిలో పోయింది. అంబులెన్సు గేటు దగ్గరికి రాగానే, శవాన్ని లోపలికి తేవద్దన్నారు ఇంటివాళ్ళు. ఆయన బతిమాలుకున్నాడు. కనీసం సెల్లారులోనైనా గంటసేపు ఉంచుతామన్నాడు. వద్దన్నారు. చివరికి కాలనీ పార్కు గోడ పక్కన టెంటు వేసి, రోడ్డు మీదే ఆ తల్లికి స్నానం చేయించి, తల దగ్గర దీపం పెట్టారు. ఆరేళ్ళు ఆ ఇంట్లో తిరిగిన మనిషి ఆ ఇంటి గుమ్మం చూడకుండానే వెళ్ళిపోయింది. పదకొండు రోజులు దీపం ఎక్కడ పెట్టాలని ఆయన అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇలాంటివి ఒక్క మా వీధిలోనే జరగలేదు. అద్దెదారు శవాన్ని ఇంట్లోకి రానివ్వక రోడ్డు మీదో శ్మశానంలోనో టెంటు కింద ఉంచిన వార్తలు తెలంగాణ పట్టణాల నుంచి వస్తూనే ఉన్నాయి.

దీన్ని సమర్థించేవాళ్ళు నమ్మకం అంటారు. ధనిష్ఠా పంచకం లాంటి దోషం తగిలితే నెలల తరబడి ఇల్లు పాడుపెట్టాలి కదా అంటారు. నమ్మకాన్ని నేను కించపరచను. ఒక్కటే అడుగుతాను. అదే ఇంట్లో ఓనరు తల్లి పోతే పాడె ఎక్కడ కడతారు? ఆ గుమ్మం ముందే కడతారు. అక్కడ దోషానికి శాంతి చేయించుకుంటారు, ఇక్కడ మనిషినే గేటు బయట ఆపేస్తారు. కాబట్టి తేడా నక్షత్రంలో లేదు, ఎవరి తల్లి అన్నదానిలో ఉంది. ఆ మాటకొస్తే, శవాన్ని గేటు బయట పెట్టుకున్నవాడికి "నచ్చకపోతే ఖాళీ చేసుకో" అన్న మాట ఏ విధంగా వర్తిస్తుంది?

మూడో మాట, చట్టం అద్దెదారు పక్షం అన్నది. ఎక్కువమంది మనస్ఫూర్తిగా నమ్మేది దీన్నే, ఎక్కువ పొరపాటు కూడా ఇందులోనే ఉంది.

"పన్నెండేళ్ళుంటే ఇల్లు వాడిదైపోతుంది" అని ఓనర్లు భయపడతారు. ఇది అబద్ధం. పన్నెండేళ్ళ లెక్క యజమాని హక్కును ధిక్కరించి ఆక్రమించుకున్నవాడి సంగతి. అద్దెదారుడు యజమాని అనుమతితో దిగినవాడు. అద్దెకు దిగినవాడు ఆ అద్దె సాగుతున్నంతకాలం, దిగిననాటి యజమాని హక్కును కాదనడానికి వీల్లేదన్నది 1872 సాక్ష్య చట్టం 116వ సెక్షన్ నాటి నుంచీ ఉన్న సూత్రం. పన్నెండేళ్ళు కాదు, ముప్ఫై ఏళ్ళు అద్దె కట్టినా అద్దెదారుడు అద్దెదారుడే. పదకొండు నెలల అగ్రిమెంటు వెనక కూడా చాలామంది ఊహించుకునే రహస్యం లేదు. ఏడాదికి మించిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు నెలలు.

అద్దె నియంత్రణ చట్టం సంగతి చూద్దాం. పాత మద్రాసు, హైదరాబాదు చట్టాల స్థానంలో 1960లో వచ్చిన చట్టమే నేటికీ తెలంగాణలో ఆధారం. అందులో మంచి మాటలున్నాయి. చట్టం చెప్పిన కారణాలుంటేనే ఖాళీ చేయించాలి. సరైన కారణం లేకుండా నీళ్ళు, కరెంటు లాంటి సౌకర్యాలు ఆపకూడదు. కానీ 2005 సవరణ తర్వాత, కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్ళకు ఆ చట్టం వర్తించదు. హైదరాబాదులో ఈ రోజు 3,500 లోపు ఇల్లు చూపించండి. బస్తీలో రేకుల గది కూడా దాటేసింది. అంటే అద్దెదారుకు అండగా నిలవాల్సిన చట్టం కాగితం మీద బతికే ఉంది, దాని నీడలో నిలబడగలిగినవాళ్ళు దాదాపు లేరు. మిగిలినవాళ్ళందరికీ దిక్కు ఆస్తి బదిలీ చట్టం. దాని 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, నెలవారీ అద్దెను ముగించడానికి 15 రోజుల నోటీసు చాలు. కారణం చెప్పనక్కర్లేదు. ఇదీ అద్దెదారు పక్షం అని మనం అనుకుంటున్న చట్టం.

"నోటీసిస్తే సరిపోతుందా, వెళ్ళనని కూర్చుంటే కోర్టులో ఏళ్ళు పడుతుంది కదా" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. భర్త పోయాక పై పోర్షన్ అద్దె మీదే బతికే పెద్దావిడను నేను ఎరుగుదును. ఆమెకు ఎనిమిది నెలలు అద్దె ఎగ్గొట్టి వెళ్ళిన కుటుంబాన్నీ ఎరుగుదును. అది మోసం, అందులో రెండో మాట లేదు. కానీ కోర్టు ఆలస్యం ఓనరును ఒక్కణ్ణే బాధించదు. ముప్ఫై వేల అడ్వాన్సు రాని అద్దెదారుడు సివిల్ కోర్టుకు వెళ్తాడా? వెళ్ళడు. లాయరు ఫీజుకే అది సరిపోతుంది. ఆలస్యమైనప్పుడు తగాదాలో ఉన్న వస్తువు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు లాభం. ఇల్లు అద్దెదారు చేతిలో ఉంటే అతనికి, అడ్వాన్సు ఓనరు చేతిలో ఉంటే ఆయనకు. దీనికి మందు కోర్టును తొందరగా పనిచేయించడం. నీళ్ళ మోటారు ఆపేయడం, తాళం మార్చేయడం మందు కాదు. చట్టబద్ధమైన దారిలో తప్ప ఎవరినీ బలవంతంగా వెళ్ళగొట్టకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అలా వెళ్ళగొడితే ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చని 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ అంటుంది. కరెంటు కనీస అవసరమని, ఓనరు అనుమతి పత్రం లేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించకూడదని 2022లో సుప్రీంకోర్టు అన్నది.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచితం, అద్దెకున్నవాళ్ళు కూడా అర్హులే. కానీ ఎన్నో ఇళ్ళలో మీటరు ఒకటే, లోపల నాలుగు పోర్షన్లకు నాలుగు సబ్ మీటర్లు. అందరి వాడకం ఒకే మీటరు మీద పడి 200 దాటిపోతుంది. ఆ ఉచితం ఏ పోర్షన్‌కూ చేరదు. ఆ పైన సబ్ మీటరు మీద యూనిట్‌కు పది రూపాయల చొప్పున ఓనరుకు కట్టాలి. ప్రభుత్వం పేదింటికని పంపింది గేటు దగ్గరే ఆగిపోతోంది.

"హక్కులిస్తే ఎవరూ ఇళ్ళు అద్దెకివ్వరు" అన్న ఆఖరి బెదిరింపు ఒకటుంది. 2011 జనగణన ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్ళలో ఉన్నాయి. అదే జనగణనలో పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్ళు ఖాళీగా కనబడ్డాయి. అద్దెదారు హక్కుల భయంతోనే వాటిని ఖాళీగా ఉంచారంటారు. హైదరాబాదు అద్దె ఇళ్ళకు రక్షణ చట్టం 2005లోనే దాదాపు తొలగిపోయింది కదా. మరి ఈ ఇరవై ఏళ్ళలో ఓనర్ల భయం ఎందుకు పోలేదు? అద్దెదారు హక్కులు లేకపోయినా పోని భయం, హక్కులు తీసేస్తే పోతుందని ఎలా నమ్మమంటారు?

చేయవలసింది ఏమిటో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో చాలావరకు ఉంది. అగ్రిమెంటు రాతపూర్వకంగా ఉండాలి. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఇంట్లోకి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలి. స్లాబు, గోడల లాంటి నిర్మాణ మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, పైపులు, వైరింగు ఓనరు బాధ్యతల పట్టికలో ఉన్నాయి. మన దగ్గర అద్దెదారు అడ్వాన్సులోంచి కోసే రంగుల ఖర్చు ఆ పట్టికలో ఎవరి పక్కన ఉందో గమనించండి. అదే చట్టంలో ఓనరుకు రక్షణా ఉంది. గడువు దాటి కదలని అద్దెదారుడు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు అద్దె కట్టాలి. తగాదాలకు వేరే అధికారి, వేరే కోర్టు. ఆ పెద్దావిడకూ నాకూ ఇద్దరికీ కావలసింది ఇదే. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే ప్రాణం వస్తుంది. చేసుకునేటప్పుడు మరో రెండు చేర్చాలి. కులం, మతం అడిగి ఇల్లు నిరాకరించడం నేరం కావాలి. అద్దె ఇంట్లో కన్నుమూసిన మనిషిని ఆ ఇంటి నుంచే సాగనంపే హక్కు అక్షరాలా రాసి ఉండాలి.

చట్టం వచ్చేదాకా మనం చేయగలిగిందీ ఉంది. దిగే రోజునే గదుల ఫొటోలు తీసి తేదీతో పంపుకోవాలి. అగ్రిమెంటు ప్రతి ఒకటి అడిగి తీసుకోవాలి. అద్దె బ్యాంకు ద్వారా కట్టాలి. అపార్ట్‌మెంటులో అద్దెకున్నవాళ్ళు నలుగురు కలిసి సంపు గురించో, మెట్ల మీది వైరు గురించో ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలి. అన్నిటికన్నా ముందు, సాటి అద్దెదారు గోడు చెప్పుకున్నప్పుడు "మనకెందుకు గొడవ" అనడం మానాలి.

మేము ఆ ఇల్లు ఖాళీ చేశాం. పాప ఉన్న ఇంట్లో అంతకన్నా ధైర్యం చేయలేకపోయాను. అడ్వాన్సులో ఒక నెల అద్దె రంగులకని కోసుకున్నారు. ఆరు వారాల తర్వాత, ఆ చిరునామాకు వచ్చిన ఉత్తరం తెచ్చుకుందామని వెళ్ళాను. కొత్తగా దిగినవాళ్ళు లోపలికి రమ్మన్నారు. పడకగది స్లాబు మీద చువ్వలు కనబడకుండా సిమెంటు పూసి తెల్లరంగు వేశారు, నా డబ్బుతోనే. డాబా మీద నీళ్ళు ఎప్పటిలాగే నిలిచి ఉన్నాయి. ఆ తెల్లటి అతుకు కింద మంచం మీద ఇద్దరు పిల్లలు హోంవర్కు చేసుకుంటున్నారు. నచ్చలేదని నేను వెళ్ళిపోయాను కానీ, నేను వెళ్ళినందువల్ల ఆ స్లాబు బాగుపడలేదు. దాని కింద ఉండేవాళ్ళు మారారు, అంతే. వాళ్ళమ్మను పక్కకు పిలిచి పైకి చూపించి, అక్కడ ఏముందో చెప్పి వచ్చాను.